తాళం వేసిన ఇంటి జవాబు

"మా ఇంటికి ఇంతవరకు ఎవరూ రాలేదు, మరి దేశంలో జనం ఏమనుకుంటున్నారో సర్వేలు ఎలా చెబుతున్నాయి?" అని తిరుపతిలో ఒక డిగ్రీ విద్యార్థిని నన్ను అడిగింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటాం, సూత్రం అదే. కాకపోతే ఆ మెతుకును ఎక్కడి నుంచి తీశామన్నదే ముఖ్యం. అలిపిరి మెట్ల దగ్గర నిలబడి దైవభక్తి గురించి లక్షమందిని అడిగినా, తెలిసేది కొండెక్కేవారి సంగతే తప్ప తిరుపతి నగరం సంగతి కాదు.

1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21లో జరిగిన ఐదో విడతలో సుమారు 6.37 లక్షల కుటుంబాల నుంచి వివరాలు సేకరించింది. ఎంపికైన ఊళ్లో ముందుగా ఇళ్ల జాబితా రాసుకొని, అందులోంచి 22 ఇళ్లను సమాన ఎడంతో ఎంచుకుంటారు. చిత్తూరు జిల్లాలో 220 గడపలున్న పల్లెను ఊహించుకోండి. చీటీలో 7 వస్తే 7, 17, 27 అంటూ పదేసి ఇళ్లు దాటుకుంటూ పోవాలి. 27వ ఇంటికి తాళం ఉంది, వాళ్లు మామిడి కోతకు వెళ్లారు. 28వ ఇంటి అరుగు మీద పెద్దాయన తీరిగ్గా కూర్చొని, ఏమడిగినా చెప్పేలా ఉన్నాడు. అయినా ఆయన్ను అడగకూడదు, 27వ ఇంటికే మళ్లీ రావాలి. ప్రతి ఊళ్లోనూ తాళం ఇంటికి బదులు అరుగు ఇంటిని లెక్కలోకి తీసుకుంటే, కూలికి పోయేవారి మాట తగ్గిపోయి, ఇంటిపట్టున ఉండేవారి అభిప్రాయమే దేశాభిప్రాయంగా అచ్చవుతుంది. బల్లి శాస్త్రం నిలిచి ఉన్నది కూడా ఇలాంటి ఏరివేత మీదే: ఫలించినవి గుర్తుంటాయి, ఫలించనివి జాబితాకే ఎక్కవు.

పదే పదే జరిపే సర్వేలో మరో చిక్కుంది. యాదృచ్ఛికంగా ఎంచిన 1,000 మందిలో సగం మంది ఔనంటే, 95 శాతం విశ్వాస స్థాయిలో (ఇలా వంద సర్వేలు చేస్తే సుమారు 95 సార్లు అసలు విలువ ఈ హద్దుల్లోనే పడుతుందన్న లెక్కన) పొరపాటు అవధి, అంటే సర్వే అంకె అసలు విలువకు దూరం కాగల మేర, అటూ ఇటూ సుమారు 3.1 శాతం ఉంటుంది; అలాంటి రెండు విడతలను పోల్చేటప్పుడు అది సుమారు 4.4కు పెరుగుతుంది. అందువల్ల 50 కాస్తా 53 అయినంత మాత్రాన జనం మనసు మారిందనలేం. ఒకే ఊరివారి జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కనుక అసలు అవధి ఇంకాస్త ఎక్కువే. మన పాఠాల్లో సగటు నేర్పినంత శ్రద్ధగా ఈ అవధిని నేర్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

భార్యను భర్త కొట్టడం సబబేనా అని కూడా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అడుగుతుంది. పక్కన అత్తగారు కూర్చుంటే కోడలి జవాబు మారిపోవచ్చు. ఒక విడతలో ఏకాంతంగా, మరో విడతలో నలుగురి మధ్య అడిగితే, ఆ తేడా అభిప్రాయంలో వచ్చిందో, అడిగిన తీరులో వచ్చిందో తేల్చలేం. సంతానం విషయంలో మాత్రం ఎందరు పిల్లలని అడిగి ఊరుకోరు, ఒక్కొక్క బిడ్డ ఎప్పుడు పుట్టిందో తల్లినే అడిగి వరుసగా రాసుకుంటారు. మొదటి విడతలో 3.4గా ఉన్న మొత్తం సంతాన రేటు (అప్పటి జననాల తీరే కొనసాగితే ఒక స్త్రీకి జీవితకాలంలో పుట్టే పిల్లల సగటు) ఐదో విడతకు 2.0కు తగ్గిందని చెప్పగలుగుతున్నది ఆ వరుసల నుంచే.