అమరావతి స్తూపం: ఎవరు ఏం వెతుక్కుంటూ వచ్చారు

పల్నాడు జిల్లా అమరావతిలో మహాచైత్యం (పెద్ద బౌద్ధ స్తూపం) చూడబోతే కనిపించేది గుండ్రటి ఇటుక కట్టు, పచ్చిక, అక్కడక్కడా నిలబెట్టిన పాలరంగు రాతి పలకలు. సుమారు 50 మీటర్ల వ్యాసంతో, చుట్టూ మూడు మీటర్ల ఎత్తు ప్రాకారంతో నిలిచిన కట్టడం ఇలా నేలమట్టం కావడానికి కాలం ఒక్కటే కారణం కాదు. రెండు శతాబ్దాలకు పైగా ఇక్కడికి వచ్చిన ప్రతి వర్గం తనకు విలువైనది తీసుకుని, మిగతాది వదిలేసింది.

18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. స్తూపం పూడిపోయి, ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకునే మట్టిదిబ్బలో కొత్త ఊరి నిర్మాణానికి ఇటుకలు, రాళ్లు దొరికాయి. సున్నపురాయి పలకల్లో కొన్ని బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. కొద్దికాలానికే వచ్చిన ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కోలిన్ మెకంజీకి అక్కడ చెక్కడాలు కనిపించాయి. 1816లో మళ్లీ వచ్చి చిత్రకారులతో గీయించిన బొమ్మల వల్లే, ఆ తర్వాత మాయమైన పలకల రూపం ఈరోజు మనకు తెలుస్తోంది.

1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసులో చాలాకాలం ఉండి, 1859లో లండన్ ఓడెక్కాయి. అక్కడ ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్ల కొట్టంలో పడి ఉన్నవాటిని వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ గుర్తించాడు. 1880లో అవి బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అదే ఏడాది మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ డ్యూక్ ఆదేశంతో దిబ్బ మొత్తం తవ్వేశారు. మరుసటి ఏడాది చివర్లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉన్నచోట పెద్ద గొయ్యి ఉంది. మద్రాసు మ్యూజియంలో పలకలను గోడల్లో సిమెంటుతో బిగించారు. గోడల తేమతో పాటు లవణాలు రాతిలోకి పాకి, పైపొర పెచ్చులూడింది.

రాజా తర్వాత వచ్చిన వీళ్లందరూ శిల్పానికే విలువ ఇచ్చారు. ఏ పలక ఏ దిక్కున, దేని పక్కన ఉండేదన్న సమాచారం చాలావరకు పోయింది. అసలు నష్టం అదే. స్తూపం ప్రదక్షిణకు కట్టినది. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి ఆయక స్తంభాలు ఉండేవి. భక్తుడు కుడివైపుగా నడుస్తూ జాతక కథల్ని, బుద్ధుడి జీవిత ఘట్టాల్ని చూసుకుంటూ వెళ్లేవాడు. విడివిడి పలకలకు ఆ వరుస ఉండదు.

2006 జనవరిలో దలైలామా ఇక్కడ టిబెటన్ బౌద్ధుల కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు స్తూపానికి ఉన్న మరో విలువ బయటపడింది. బుద్ధుడు కాలచక్రాన్ని తొలుత ధాన్యకటకంలోనే (అమరావతి పాత పేరు) బోధించాడని టిబెటన్ సంప్రదాయం నమ్ముతుంది. ఆ యాత్రికులకు శిల్పాలు లేకపోయినా ఆ నేల చాలు. నడిచి వెళ్లేంత దూరంలోనే అమరేశ్వరాలయం ఉంది. కార్తీకంలో ఒక్క రోజులో పంచారామాలు చుట్టే బస్సులు చాలావరకు తెల్లవారకముందే ఇక్కడ ఆగుతాయి. అప్పటికి స్తూపం దగ్గరి మ్యూజియం తలుపు తీయరు. ఆ భక్తులకు స్తూపం మీద ఆసక్తి లేదని తేల్చెయ్యడం అన్యాయం, వాళ్లకు అవకాశమే లేదు.

వారసత్వ కట్టడానికి ఒకటి కాదు, అనేక విలువలుంటాయని 1903లోనే ఆస్ట్రియా కళా చరిత్రకారుడు అలోయిస్ రీగల్ రాశాడు. 1979 నాటి బుర్రా చార్టర్ (వారసత్వ స్థలాల సంరక్షణకు ఆస్ట్రేలియాలో రాసుకున్న నియమావళి) సౌందర్య, చారిత్రక, శాస్త్రీయ విలువలతో పాటు సామాజిక విలువనూ గుర్తించింది. ఆధ్యాత్మిక విలువ 1999 సవరణలో చేరింది. మన దగ్గర మాత్రం ఆచరణలో టికెట్ల లెక్కే కొలమానం అవుతోంది. గుడికి వచ్చి వెళ్లిపోయినవాళ్లు, ఊళ్లో కాపురం ఉన్నవాళ్లు ఆ లెక్కలో ఉండరు.

ఎవరికి ఏది విలువైనదో తెలుసుకోవడానికి ప్రశ్నావళి పెట్టినా తప్పులు దొర్లుతాయి. "ఏది నచ్చింది?" అంటే "అంతా బాగుంది" అంటారు. అడిగేవారి మెడలో ప్రభుత్వ గుర్తింపు కార్డు ఉంటే మెచ్చుకోలు ఇంకా పెరుగుతుంది. కుటుంబంలో పెద్దాయన అందరి తరఫునా మాట్లాడేస్తాడు కాబట్టి ఆడవాళ్లను, పిల్లలను విడిగా అడగాలి. ఎనిమిదో పదో ఫొటోలు (ఆయక వేదిక, పూర్ణఘటం పలక, ఖాళీ దిబ్బ, కృష్ణ ఒడ్డు, స్తూపం నమూనా) చేతికిచ్చి మూడు ఏరమనండి, ఎందుకో చెప్పమనండి. "ఇక్కడ ఏది లేకపోతే వచ్చేవారు కాదు?" అన్న ప్రశ్నకు సూటి జవాబు వస్తుంది. అడక్కుండా గమనించడమూ ముఖ్యమే: దిబ్బ చుట్టూ ఎవరు కుడివైపుగా తిరుగుతున్నారు, ఎవరు అడ్డంగా దాటేస్తున్నారు, ఏ బోర్డు దగ్గర ఎంతసేపు ఆగారు. కార్తీక సోమవారం, బుద్ధపూర్ణిమ, బడి పిల్లల విహారయాత్రల కాలం, మామూలు పనిదినం, ఈ నాలుగూ కలవకపోతే లెక్క ఒకవైపు ఒరుగుతుంది. అమరేశ్వరాలయం మెట్ల దగ్గర కూడా అడగాలి. స్తూపానికి రానివాళ్లు దొరికేది అక్కడే.

ఇలా అడిగితే పరస్పరం పొసగని కోరికలు బయటపడతాయి. అండాన్ని (స్తూపం గుమ్మటాన్ని) పూర్తిగా కడితే పూజకు బాగుంటుందని భక్తుడు అనవచ్చు. ఆధారం లేని పునర్నిర్మాణం మిగిలిన సాక్ష్యాన్ని కప్పేస్తుందని పురావస్తు పరిశోధకుడు అడ్డుచెబుతాడు. ఈ విషయంలో పరిశోధకుడి మాటే నిలబడాలి. అయితే భక్తుడికి దక్కాల్సినవీ ఉన్నాయి: అడ్డంకుల్లేని ప్రదక్షిణ బాట, కూర్చునేందుకు నీడ, నాలుగు వేదికల దగ్గరా ఏ దిక్కున ఏ పలక ఉండేదో తెలిసినంత మేర చూపి, అది ఇప్పుడు చెన్నైలో ఉందో లండన్‌లో ఉందో తెలుగులో రాసిన బోర్డు.