గొంతు రేంజ్ పెంచుకోవడం: అపోహలు - వాస్తవాలు

పాట నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటుంది: "నా గొంతు ఎక్కడిదాకా వెళ్తుందంటారు?" వెళ్ళడమంటే వాళ్ళ దృష్టిలో పైకి వెళ్ళడమే. ఆ తొందరలో పాడైన గొంతులు చాలానే చూశాను. వాటిలో మొదటిది నాదే.

అపోహ: రోజూ కాస్త కాస్త గట్టిగా లాగితే గొంతు సాగుతుంది

పద్దెనిమిదేళ్ళప్పుడు నేనూ ఇదే నమ్మాను. తార స్థాయి పంచమం, అంటే పై స్థాయిలోని "ప", అందుకోవాలని రోజూ గంటసేపు ఆ ఒక్క స్వరం మీదే గింజుకునేదాన్ని. పది రోజులు తిరిగేసరికి పంచమం మాట దేవుడెరుగు, మామూలుగా మాట్లాడినా జీర. మూడు వారాలు పాట పక్కన పెట్టాల్సి వచ్చింది.

స్వరపేటికలో ఉండే రెండు స్వరతంత్రుల పొడవు మగవాళ్ళలో సుమారు 17 నుంచి 25 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళలో 12 నుంచి 17 దాకా ఉంటుంది. క్రికోథైరాయిడ్ అనే చిన్న కండరం వాటిని లాగి పలచన చేస్తే స్వరం పైకి వెళ్తుంది. సెకనుకు 440 సార్లు కదిలే తంత్రులు సరిగ్గా ఒక స్థాయి ("స" నుంచి పై "స" దాకా) పైకి వెళ్ళాలంటే 880 సార్లు కదలాలి. అంత వేగంగా ఒకదాన్నొకటి తాకుతున్నవాటిని బలం పెట్టి అదిమితే వాస్తాయి. వాచిన తంత్రి బరువెక్కి, సన్నగా కదలలేదు. అందుకే గొంతు అలిసిపోయినప్పుడు ముందు జారిపోయేవి పై స్వరాలే. అందులోనూ గొంతు తగ్గించి పాడేవి.

ఒక పని చేసి చూడండి. గొంతు ముందు చేతికి తగిలే గుబ్బ మీద వేలు పెట్టి గుటక వేయండి. గుబ్బ పైకి లేస్తుంది. ఇప్పుడు వేలు తీయకుండా మధ్య షడ్జం (మామూలు "స") నుంచి ఒక్కో స్వరం పైకి పాడండి. కొద్దిగా కదిలితే ఫర్వాలేదు. గుటక వేసినట్టే ఎగిరి కూర్చుంటే మాత్రం, గుటక వేసే కండరాలు పాట పాడే పనికి వచ్చాయని అర్థం. గడ్డం పైకి లేవడం, మెడ నరాలు ఉబ్బడం దీని తర్వాతి దశలు.

నా దగ్గర లెక్క ఒకటే. అరిచి అందుకున్న స్వరం మీది కాదు. సగం గొంతుతో పట్టుకుని, మూడు సెకన్లు నిలిపి, వణకకుండా దిగగలిగితే అది మీది. ఈ లెక్కన కొలిస్తే చాలామంది రేంజ్ మొదటి రోజే నాలుగైదు స్వరాలు తగ్గుతుంది. మొహాలు చిన్నబోతాయి. ఏం చేస్తాం, పని మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

అపోహ: పై స్వరానికి ఎక్కువ గాలి కావాలి, పొట్టలోంచి పాడాలి

పొట్టలోంచి స్వరం రాదు. డయాఫ్రం ప్రధానంగా గాలి లోపలికి తీసుకునే కండరం. పాడుతున్నప్పుడు గాలిని కొలిచి వదిలే పని ఎక్కువగా పక్కటెముకల మధ్య కండరాలూ పొట్ట కండరాలూ చూసుకుంటాయి. గుండెల నిండా గాలి పీల్చి పై స్వరం మీదకు ఎగబాకితే, ఆ ఒత్తిడిని ఆపడానికి తంత్రులు బిగుసుకుంటాయి. ఎవరైనా పై చరణం దగ్గర బిగుసుకుపోతుంటే, అదే లైను సగం ఊపిరితో పాడమంటాను. పదిమందిలో ఆరేడుగురికి అప్పటికప్పుడే తేలికవుతుంది.

అపోహ: సన్నగా వచ్చేది దొంగ గొంతు, దాన్ని దగ్గరికి రానివ్వకూడదు

నేను గట్టిగా పోట్లాడేది దీని మీదే. నిండు గొంతులో తంత్రులు దళసరిగా కదులుతాయి, సన్న గొంతులో వాటి అంచులు పలచగా కదులుతాయి. కదిలేవి అవే తంత్రులు. ఒక పద్ధతిలోంచి ఇంకోదానిలోకి మారేచోట గొంతు చీలుతుంది. చీలిక వినబడుతుందన్న భయంతో నిండు గొంతునే పైదాకా ఈడ్చుకెళ్ళడం వల్ల సగం అనర్థాలు. రేంజ్ పెరగడమంటే చాలామంది విషయంలో కొత్త స్వరాలు పుట్టడం కాదు, ఈ చీలిక అతుక్కోవడం.

ఈ మార్పుల గురించి ముందుగా శ్రద్ధగా రాసినవాళ్ళలో మాన్యుయల్ గార్సియా అనే పాట మాస్టారు ఒకరు. 1854లో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఎండ వెలుతురు సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడాయన.

చీలిక అతకడానికి పై నుంచి కిందికి పాడాలి. సన్న గొంతుతో పైన మొదలుపెట్టి, ఆ సన్నదనం పోకుండా మెల్లగా దిగుతూ రావాలి. దీనికి నేను వాడే పనిముట్టు స్ట్రా. గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రాను రెండు సెంటీమీటర్లు ముంచి, అందులోకి "ఊ" అని పలుకుతూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఎక్కడ బుడగలు ఆగిపోతాయో, ఎక్కడ భళ్ళున ఎగుస్తాయో, మీ చీలిక అక్కడే ఉంది. ఆ చుట్టుపక్కలే నాలుగైదు నిమిషాలు తిరగండి, చాలు. స్ట్రా కొస దగ్గర గాలికి అడ్డు తగలడంతో నోట్లో కొంత ఒత్తిడి నిలుస్తుంది. దాంతో తంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండానే కదులుతాయి. ఇంగో టిట్జ్ అనే శాస్త్రవేత్త దీని మీద విస్తారంగా పనిచేశారు. స్ట్రా లేకపోతే పెదాలు బుర్రుమనిపించినా దాదాపు అదే ఫలితం.

అపోహ: ఎంత పైకి వెళ్ళినా అక్షరం అక్షరంలాగే వినిపించాలి

"ఈ", "ఊ" పలకడానికి నోరు కుదించాలి. పై స్వరం దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్ళ గొంతుల్లో, ఆ కుదింపే అడ్డొస్తుంది. దవడ కాస్త వదిలి "ఈ"ని "ఎ" వైపు, "ఊ"ని "ఒ" వైపు జరిపితే స్వరం తెరుచుకుంటుంది. వినేవాళ్ళు పదాన్ని చుట్టూ ఉన్న హల్లుల్ని బట్టి పోల్చుకుంటారు. మరీ ఎక్కువ జరిపితే మాత్రం సాహిత్యం పిండి అవుతుంది. ఎంతవరకన్నది చెవి చెప్పాల్సిందే.

అపోహ: వేడినీళ్ళూ తేనే తాగితే గొంతు తెరుచుకుంటుంది

మింగినదేదీ స్వరతంత్రుల మీద పడదు. పడితే పొలమారుతుంది! రోజంతా నీళ్ళు తాగితే ఒళ్ళంతటితో పాటు తంత్రులకూ తడి అందుతుంది. పాడే ముందు గటగటా తాగితే తడిసేది నోరే.

అపోహ: పొద్దున్నే మంద్రం బాగా పలుకుతోంది, కింద రేంజ్ పెరిగినట్టే

నిద్ర లేచాక తంత్రులు కాస్త ఉబ్బి ఉంటాయి. మధ్యాహ్నానికి ఆ స్వరాలు వెళ్ళిపోతాయి. కిందివైపు హద్దు చాలావరకు తంత్రుల పొడవు, మందం మీద ఉంటుంది. నేను చూసినంతలో సాధనతో అక్కడ కలిసొచ్చేది ఒకటి రెండు స్వరాలే.

అపోహ: గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి

గుసగుసలోనూ చాలామంది స్వరపేటికను బిగిస్తారు. తక్కువగా, తేలికైన మామూలు గొంతుతో మాట్లాడటం నయం, అసలు మాట్లాడకపోతే ఇంకా నయం. జీర రెండు మూడు వారాలు దాటితే పాట మాస్టారి దగ్గరికి కాదు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇందాక చెప్పిన ఆ మూడు వారాల్లో మొదటి వారమంతా నేను ఇంట్లో అందరితో గుసగుసలాడుతూనే గడిపాను, గొంతుకు రెస్ట్ ఇస్తున్నాననుకుని.