పిక్కకు ఎదురుగా ఉన్న కండరం

బెంగళూరులో ఏ జిమ్‌కు వెళ్ళినా పిక్కలకు ఏదో ఒక యంత్రం కనిపిస్తుంది. వాటికి ఎదురుగా, కాలి ముందెముకను ఆనుకుని ఉన్న కండరానికి మాత్రం చాలాచోట్ల ఏమీ ఉండదు. నడకలో అది చేసే పని చూస్తే ఈ చిన్నచూపు అన్యాయం అనిపిస్తుంది.

దాని పేరు టిబియాలిస్ యాంటీరియర్. మోకాలి దిగువన బయటివైపు మొదలై, చీలమండ ముందుగా దిగి, పాదం లోపలి అంచు ఎముకలను పట్టుకుంటుంది. అడుగు వేసేటప్పుడు వేళ్ళను పైకెత్తేది ఇదే. ఆ సమయంలో బొటనవేలికీ నేలకూ మధ్య మిగిలే ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే! అనంతపురం నుంచో కడప నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడి ఫుట్‌పాత్‌ల మీద, కాలువలపై ఎగుడుదిగుడుగా పరిచిన పలకలకు తట్టుకుని తూలడం చూస్తే ఆ కాస్త ఎడం విలువ తెలుస్తుంది.

ఇక మడమ నేలను తాకగానే ఈ కండరం బ్రేకులా పనిచేస్తుంది. తాను సాగుతూనే బిగువు సడలకుండా పాదాన్ని మెల్లగా దించుతుంది. అది లేకపోతే ప్రతి అడుగుకూ పాదం టప్పున నేలకు కొట్టుకుంటుంది. అందుకే వ్యాయామంలో ఎత్తడం కన్నా నెమ్మదిగా దించడమే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

దీనికోసం వచ్చిన పరికరం టిబ్ బార్: పాదం దూర్చే చట్రం, బరువు పలకలు తొడిగే కడ్డీ. కండరం పట్టు చీలమండకు దగ్గరలో ఉంటుంది, బరువు దూరంగా ఉంటుంది. కాబట్టి రెండు కిలోల పలకను ఎత్తడానికి కూడా కండరం అంతకు కొన్ని రెట్ల బలంతో లాగాలి. చిన్న పలకతో మొదలుపెట్టమనేది అందుకే. బార్ బదులు పాదానికి తగిలించి లాగే రబ్బరు పట్టీ తీరు వేరు. అది సాగేకొద్దీ బిగుస్తుంది గనుక, పాదం పూర్తిగా పైకి వచ్చి కండరం కురచై బలం తగ్గిన చోటే ఎక్కువ భారం వేస్తుంది.

అయినా ముందు గోడే చాలు. గోడకు వీపు ఆనించి, మడమలు అడుగు దూరం ముందుకు జరిపి, మోకాళ్ళు వంచకుండా వేళ్ళు ఎత్తి దించాలి. పాదాలు ముందుకు జరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. అది కూడా తేలికైపోయాక బార్ కొనుక్కోవచ్చు.

కబ్బన్ పార్కులో పరుగు మొదలుపెట్టిన కొత్తల్లో ముందెముక లోపలి అంచున వచ్చే నొప్పికి ఈ పరికరాలే మందు అనుకోకూడదు. అది చాలామందిలో హఠాత్తుగా దూరం పెంచడంవల్ల ఎముకపై పడే ఒత్తిడి. ముందు పరుగు తగ్గించాలి. పరుగెత్తిన కొద్దిసేపటికి కాలి ముందుభాగం రాయిలా బిగిసి, పాదం పైభాగం తిమ్మిరెక్కి, ఆగగానే సర్దుకుంటుంటే కండరాలను చుట్టి ఉన్న గట్టి పొర లోపల, అంటే కండరాల అరలో, పీడనం పెరుగుతున్నదేమోనని వైద్యులు పరీక్షించి చూడాలి. పాదం ఎత్తబోతే లేవకపోతే ఆలస్యం చేయకుండా వెళ్ళాలి: మోకాలి పక్కన నరం నొక్కుకుపోయి ఉండవచ్చు.