పెయింట్ వేయించే ముందు ఒక్కసారి ఆగండి: పాత స్టీల్ రేసింగ్ ఫ్రేములు, అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో ఇది మూడోసారి. పొద్దున్నే షాపు తీసేసరికి తలుపు దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు, చేతిలో దుప్పట్లో చుట్టిన సైకిల్ ఫ్రేమ్. బల్ల మీద పెట్టి విప్పాడు. ఎర్రగా తళతళలాడిపోతోంది, ఎక్కడా ఒక్క గీత లేదు. "మా నాన్నది, అరవైల్లో చేయించుకున్నాడు, పోయిన నెల ఆయన పోయారు. అమ్మే ముందు బాగుండాలని పెయింట్ వేయించాను, ఎంత రావచ్చు?" అన్నాడు. కారు చక్రాలకి పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కరిగించే పూత) వేసే చోట 150 పౌండ్లు ఇచ్చాడట. నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ 150 పౌండ్లు పెట్టి ఆయన ఆ ఫ్రేమ్ విలువలో సగానికి పైగా ఊడ్చి పారేశాడు, ఆ సంగతి నేనే చెప్పాలి.

నేను నాటింగ్‌హామ్‌లో 17 ఏళ్ళుగా పాత ఫ్రేములు రిపేరు చేస్తున్నాను, కొనేవాళ్ళకి అమ్మేవాళ్ళకి ధర చెప్తుంటాను. రాలీ సైకిల్ కంపెనీ పుట్టిన ఊరు కాబట్టి ఇక్కడ ఏ ఇంటి గ్యారేజీ తెరిచినా ఏదో ఒక పాత సైకిల్ ఉంటుంది, ఫ్యాక్టరీ 2002లో మూతపడినా సైకిళ్ళు మాత్రం ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. ఈ మధ్య ఇక్కడి తెలుగు కుర్రాళ్ళు కూడా సెకండ్ హ్యాండ్‌లో పాత రేసింగ్ సైకిళ్ళు కొని నాకు ఫోటోలు పంపిస్తున్నారు, అందుకే తెలుగులో రాస్తున్నా.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోగొట్టే అపోహ ఇదే: కొత్త పెయింట్ వేయిస్తే రేటు పెరుగుతుంది అని.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మాది తెనాలి దగ్గర, నాన్నకి సైకిల్ షాపు. దసరా ముందు వారం రోజులు నిద్ర ఉండేది కాదు. ఓవరాయిలింగ్, రిమ్ము బెండ్లు తీయడం, దాంతో పాటు నల్ల పెయింట్ కొట్టి మడ్‌గార్డ్ మీద పేరు రాయించడం. ఆయుధపూజ నాటికి సైకిల్ కొత్త పెళ్ళికొడుకులా ఉండాలి. అది రోజూ తొక్కే సైకిల్, పాలక్యాన్లు మోసే సైకిల్, దానికి అదే కరెక్టు, పెయింట్ లేకపోతే తుప్పు పడుతుంది. కానీ ఒక మనిషి చేత్తో లగ్గులు (ట్యూబులు కలిసే చోట ఉండే లోహపు తొడుగులు) అరగదీసి, బ్రేజింగ్ చేసి (వేరే లోహం కరిగించి అతికించి), సన్నటి బ్రష్షుతో లగ్గుల అంచులకి గీతలు గీసిన రేసింగ్ ఫ్రేమ్ సంగతి వేరు. దాని పెయింట్ అంటే దాని ఆధార్ కార్డు అనుకోండి. ఎవరు చేశారు, సుమారుగా ఏ ఏడు, ఏ ట్యూబులు, ఎక్కడైనా గుద్దుకుందా లేదా అన్నీ ఆ పెయింట్ మీదా స్టిక్కర్ల మీదా రాసి ఉంటాయి. చిన్న బిల్డర్లలో చాలామంది పేరు డౌన్ ట్యూబ్ (హ్యాండిల్ కింది నుంచి పెడల్స్ దగ్గరికి దిగే గొట్టం) స్టిక్కర్ మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. అది బ్లాస్టింగ్‌లో (పాత పెయింట్ తీయడానికి ఇసుకతో కొట్టడంలో) పోతే ఇక ఆ ఫ్రేమ్ పేరులేని ఫ్రేమే.

గుద్దుకున్న సంగతి ఎందుకన్నానంటే, కొనేవాడు మొదట చూసేది అదే. డౌన్ ట్యూబ్ అడుగున, హెడ్ లగ్ (హ్యాండిల్ కిందుండే లగ్గు) వెనకాల రెండు మూడు అంగుళాల మేర వేలు పెట్టి మెల్లగా లాగి చూడండి, పైన అడ్డంగా ఉండే టాప్ ట్యూబ్‌కి కూడా అక్కడే చూడండి. ముందునుంచి గోడకో కారుకో కొట్టుకున్న ఫ్రేమ్‌కి అక్కడ చిన్న ఉబ్బు వస్తుంది, పాత పెయింట్ అడ్డంగా సన్నటి ముడతలు పడుతుంది, ఒక్కోసారి కంటికి కనపడకపోయినా వేలికి తగులుతుంది. పాత పెయింట్ మీద ఆ ముడతలు లేకపోతే కొనేవాడి మనసు కుదుటపడుతుంది. అదే కొత్త పెయింట్ అయితే? "దేన్ని కప్పిపెట్టడానికి వేశారో" అని అనుమానం. మీ నాన్న ఆ సైకిల్‌ని ప్రాణంలా చూసుకుని ఉండొచ్చు, ఒక్కసారి కూడా కిందపడి ఉండకపోవచ్చు, కానీ ఆ మాటకి సాక్ష్యం మీరే చెరిపేశారు కదా, కాబట్టి కొనేవాడు దెబ్బతిన్నదే అనుకుని రేటు చెప్తాడు. నేనైనా అంతే చెప్తాను.

ఇంకోటి, బ్లాస్టింగ్. ఈ ట్యూబులు బటెడ్ కదా, అంటే చివర్లు మందంగా, మధ్యలో పల్చగా ఉంటాయి, ఇటాలియన్ కొలంబస్ ఎస్ఎల్ ట్యూబులు తీసుకుంటే చివర్లలో 0.9 మి.మీ., మధ్యలో 0.6 మి.మీ. మాత్రమే. కారు రిమ్ములకి కొట్టినట్టు గరుకు ఇసుకతో గట్టిగా కొడితే అంత పల్చటి స్టీల్‌కి మంచిది కాదు. ఫోర్క్ చివరో వెనక స్టేల (వెనక చక్రాన్ని పట్టుకునే సన్న గొట్టాలు) చివరో క్రోమ్ ఉంటే, దానికి ముసుగు వేయకుండా కొడితే ఆ మెరుపు పోయినట్టే. ఆ పైన పౌడర్ కోట్ మందంగా పడి లగ్గుల పదునైన అంచులు మొద్దుబారిపోతాయి, పెడల్స్ ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్ మరల్లోకి దిగుతుంది, కింద కొట్టిన నంబర్ కూడా పూడిపోతుంది.

అసలు పెయింటే వేయించకూడదా అంటే అలా కాదు. ఇదివరకే ఎవరో స్ప్రే కొట్టేసిన ఫ్రేమ్, స్టిక్కర్లు ఎప్పుడో పోయిన ఫ్రేమ్, మీరు రోజూ తొక్కుకోవాలనుకున్న మామూలు ఫ్రేమ్, హాయిగా వేయించుకోండి, నచ్చిన రంగు వేసుకోండి. పాత ఫ్రేములకే పెయింట్ వేసే పనివాళ్ళు ఉన్నారు, సరైన రంగు, సరైన స్టిక్కర్లు, లగ్గు గీతలతో సహా తిరిగి చేస్తారు, పని అద్భుతంగా ఉంటుంది, కానీ ఆ ఖర్చు అమ్మేటప్పుడు తిరిగి రావడం నేను చాలా తక్కువసార్లు చూశాను. అమ్మడానికే అయితే గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి గుడ్డ, ఆరాక కాస్త వ్యాక్స్. క్రోమ్ మీద పైపై తుప్పుకి అల్యూమినియం ఫాయిల్ తడిపి రుద్దండి, చాలావరకు పోతుంది. అంతకుమించి ఏం చేయొద్దు, దయచేసి.

రెండో అపోహ, "531 స్టిక్కర్ ఉంది కాబట్టి ఖరీదైనది." రెనాల్డ్స్ 531 బర్మింగ్‌హామ్‌లో 1935 నుంచి వచ్చిన ట్యూబింగ్, మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ స్టిక్కర్ మీద ఏం రాసుందో చదవండి. మూడు మెయిన్ ట్యూబులు మాత్రమే 531 అనీ, ప్లెయిన్ గేజ్ (అంతటా ఒకే మందం) అనీ, మొత్తం ఫ్రేమ్ ఫోర్క్ స్టేలతో సహా బటెడ్ అనీ వేరువేరుగా ఉంటాయి, వాటి మధ్య ధర తేడా చాలా ఉంటుంది. పైగా కొత్తగా అచ్చేసిన స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఎవరైనా దేనికైనా అంటించొచ్చు. స్టిక్కర్‌ని పక్కనబెట్టి సీట్ పోస్ట్ కొలవండి, ఇంగ్లీష్ సైజు బటెడ్ 531కి మామూలుగా 27.2 మి.మీ. పడుతుంది, అంతకంటే బాగా తక్కువుంటే ట్యూబ్ గోడ మందం అని అర్థం (ఫ్రెంచ్ ఫ్రేములకి ఈ లెక్క పనికిరాదు, వాటి సీట్ ట్యూబే సన్నం). కొలంబస్ ఎస్ఎల్ అని చెప్తుంటే ఫోర్క్ బయటికి తీసి స్టీరర్ (ఫోర్క్ పైనుండే గొట్టం) లోపల టార్చ్ వేసి చూడండి, మెలి తిరిగిన గట్లు కనిపించాలి. కొలంబస్‌దే ఎస్ఎల్ఎక్స్ అయితే బాటమ్ బ్రాకెట్ తీసి ట్యూబుల్లోకి వేలు పెడితే అక్కడా అలాంటి గట్లే తగులుతాయి. ఇవి స్టిక్కర్లలా అంటించేవి కావు.

ఎర్ర నలుపు పసుపు రాలీ చూసి "ఇది టూర్ డి ఫ్రాన్స్ సైకిల్" అని ఫోన్ చేసేవాళ్ళు వారానికి ఒకరుంటారు. 1980లో టీఐ-రాలీ టీమ్ తరఫున జూప్ జూటెమెల్క్ టూర్ గెలిచాడు, నిజమే. కానీ అవే రంగుల్లో రాలీ మామూలు జనానికి కూడా బోలెడు సైకిళ్ళు అమ్మింది. టీమ్ ఫ్రేములు ఇక్కడికి దగ్గర్లోని ఇల్కెస్టన్‌లో ఒక ప్రత్యేక వర్క్‌షాప్‌లో చేసేవాళ్ళు, ఆ ఫ్రేముల నంబర్ ఎస్‌బీ అనే అక్షరాలతో మొదలవుతుంది. మీ నంబర్ డబ్ల్యూతో మొదలైతే వర్క్‌సాప్ అనే ఊళ్ళోని ఫ్యాక్టరీ, ఎన్ అయితే నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ. అవీ మంచి సైకిళ్ళే, మా అబ్బాయికి నేను కొన్నది డబ్ల్యూనే, కానీ ధర వేరు. ఎస్‌బీ ఉన్నా కూడా ఆ వర్క్‌షాప్ బయటివాళ్ళకి ఆర్డర్ మీద చేసిచ్చిన ఫ్రేమ్ కావచ్చు, ఫలానా రేసర్ తొక్కాడని కాగితం లేకుండా అనకండి.

ఇటాలియన్ అయితే చాలు అనుకోవడం కూడా అంతే. 1972లో మెక్సికో సిటీలో బెల్జియం రేసర్ ఎడ్డీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిల్ ఇటాలియన్ బిల్డర్ ఎర్నెస్టో కొల్నాగో చేసింది, ఆ కథ విని కొల్నాగో అని రాసున్న ప్రతిదానికీ చేతులు చాస్తారు. లగ్గుల్లో చెక్కిన క్లోవర్ ఆకు చూడండి, బాటమ్ బ్రాకెట్ మర చూడండి (ఇటాలియన్ అయితే గొట్టం వెడల్పు 70 మి.మీ., ఇంగ్లీష్ అయితే 68), స్టిక్కర్ ఒక్కదాన్నే నమ్మొద్దు.

మిగతావి గబగబా చెప్తాను. పాతదైతే చాలు అనేది తప్పు, 1950ల చవక ఫ్రేమ్ ఇప్పటికీ చవక ఫ్రేమే. పైన తుప్పు చుక్కలు చూసి భయపడకండి, బాటమ్ బ్రాకెట్ లోపల పొరలు పొరలుగా రాలుతుంటే మాత్రం భయపడండి. సీట్ పోస్ట్ కదలకపోతే ముందే చెప్పి అమ్మండి, స్టీల్‌లో అల్యూమినియం బిగుసుకుపోతే తీయడానికి నాకు ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, కొనేవాడు ఆ కూలి తగ్గించుకునే అడుగుతాడు. సైజు కూడా ముఖ్యం, 54 నుంచి 57 సెంటీమీటర్ల ఫ్రేములు త్వరగా పోతాయి, 63 అయితే ఎంత గొప్పదైనా ఆగాలి. ఈబేలో ఎవడో పెట్టిన ధర చూసి మీ ధర కట్టకండి, అమ్ముడుపోయిన వాటిని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అదే చూడండి. ఇక వాట్సాప్‌లో తిరిగే "తాతగారి రాలీకి లక్షలు" మెసేజీల గురించి రోజూ అడుగుతున్నారు: మన ఊళ్ళల్లో ఉన్న రాలీలు చాలావరకు ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ వాళ్ళు చేసిన మామూలు సైకిళ్ళు, రేసింగ్ ఫ్రేములు కావు, ఆ లక్షల మాట నమ్మకండి. తాతగారిది కాబట్టి ఇంట్లో ఉంచుకోండి, నూనె వేస్తే ఇంకో యాభై ఏళ్ళు తిరుగుతుంది.

మీ దగ్గర ఏదైనా ఉండి, అమ్మాలా ఉంచాలా తెలీక కంగారుగా ఉంటే, దాన్ని ముట్టుకోకముందే ఫోటోలు పంపండి: గేర్ల వైపు నుంచి మొత్తం సైకిల్, బాటమ్ బ్రాకెట్ అడుగున నంబర్, వెనక చక్రం ఇరుసు కూర్చునే డ్రాపౌట్ మీద ఉన్న రాత, హెడ్ లగ్గులు దగ్గర్నుంచి, స్టిక్కర్లు ఎంత చిరిగినా సరే. సైకిల్ కొన్న బిల్లు, పాత క్లబ్ రేసు ఫోటో లాంటివి ఇంట్లో వెతకండి, ఒక్కోసారి స్టిక్కర్ కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

ఆ ఎర్ర ఫ్రేమ్ ఇంకా నా దగ్గరే ఉంది. విషయం చెప్తే ఆయన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుండిపోయాడు, డబ్బు గురించి కాదు, "నాన్న చేత్తో రాసుకున్న గీతలేవో ఉండేవి దాని మీద, అవి కూడా పోయాయి కదా" అన్నాడు. టీ పెట్టిచ్చాను. మర్నాడు బాటమ్ బ్రాకెట్ అడుగున పౌడర్ కోట్‌ని స్ట్రిప్పర్‌తో కొంచెం కొంచెంగా తీస్తే నాలుగంకెల నంబర్ బయటపడింది, ఫోర్క్ స్టీరర్ మీద కూడా అదే నంబర్ ఉంది, అంటే ఫోర్క్ ఆ ఫ్రేమ్‌దే. ఇక్కడి బిల్డర్లు చాలామంది రెండిటికీ ఒకే నంబర్ కొట్టేవాళ్ళు, అది ఇప్పుడు ఆయనకి కలిసొచ్చింది. నిన్న వాళ్ళమ్మ అటకమీద నుంచి ఒక నలుపు తెలుపు ఫోటో తీసి పంపింది, రేసు మొదలయ్యే ముందు నాన్న సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు, డౌన్ ట్యూబ్ మీద పేరు సగం ఆయన మోకాలు కప్పేసింది, ముందు నాలుగు అక్షరాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి.