భాస్వరం వేయని మడి

అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైనప్పుడు, ఎరువు వాడకాన్ని తగ్గించడం గురించి ఆలోచన లేదు. ఎరువు వేసినా నేలకొరగని వరి కావాలన్నదే అప్పటి ఆరాటం. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐఆర్8 వంటి పొట్టి రకాలు ఆ చిక్కును విప్పాయి, తిండిగింజల కొరత తీర్చడంలో వాటి మేలును కాదనలేము. అయితే పుష్కలంగా ఎరువు వేసిన మడుల్లోనే తరతరాల ఎంపిక సాగడంతో, నిస్సారమైన నేలలో పోషకాన్ని వెతుక్కునే గుణం ఏ మొక్కకుందో చూడవలసిన అవసరం పెద్దగా కలగలేదు.

భాస్వరం విషయంలో ఆ లోటు బయటపడింది. వేసిన భాస్వరంలో చాలా భాగం నల్లరేగడిలో సున్నంతోనూ, ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియంలతోనూ బిగుసుకుపోతుంది; నేలలో ఉన్నా వేరుకు అందదు. ఈ కొరతను తట్టుకునే జన్యుభాగాన్ని 1998లో జపాన్‌లో మథియాస్ విస్సువా బృందం కసలత్ అనే భారతీయ నాటు వరిలో గుర్తించింది. తర్వాత దానికి ప్యూప్1 అన్న పేరు స్థిరపడింది. లేత దశలోనే వేళ్లను గుబురుగా పెంచే పీఎస్‌టీఓఎల్1 జన్యువు అందులో ఉందని 2012లో వెల్లడైంది. ఆధునిక రకాల్లో అనేకం దానికి నోచుకోలేదు.

రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ ఇలాంటి పరీక్షల కోసమే ఒక మడిని ఏళ్ల తరబడి భాస్వరం వేయకుండా ఉంచింది. భాస్వరం అందని వరికి పిలకలు తగ్గుతాయి, పూత ఆలస్యమవుతుంది. తట్టుకునే మొక్కేదో అక్కడ కంటితోనే తేలిపోతుంది. ఆ సంస్థ విడుదల చేసిన డీఆర్ఆర్ ధాన్ 60 తక్కువ భాస్వరంలోనూ నిలబడే రకం. దీన్ని ఎరువు అక్కరలేని వరిగా ప్రచారం చేయడం మాత్రం తగదు, ఎందుకంటే పంట తీసుకున్నదాన్ని ఎప్పటికైనా నేలకు తిరిగి ఇవ్వక తప్పదు.

నత్రజని సంగతి ఇంకా కష్టం. వేసిన యూరియాలో సగానికి పైగా పైరుకు దక్కకుండా గాలిలోనో నీటిలోనో కలిసిపోతుంది. దాన్ని పొదుపుగా వాడుకునే గుణం ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. పైగా ఎరువులోని పోషకాన్ని బట్టి ప్రభుత్వం రాయితీ ఇచ్చే విధానం 2010లో వచ్చినప్పుడు యూరియాను దాని పరిధిలోకి తేలేదు, దాని ధర ప్రభుత్వం కట్టడి చేసినట్టే చవకగా ఉండిపోయింది. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం బారులు తీరినప్పుడు కూడా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలే, అందుకే విత్తనం కొనే రైతు ఆ రకం నత్రజనిని ఎంత పొదుపుగా వాడుతుందని అడగడు.