పామాయిల్ ప్యాకెట్ ధర: కథ మలుపు తిరిగింది 2013 సెప్టెంబరులో

వంటనూనె ధర మీద గొడవ మళ్లీ మొదలైంది. దిగుమతి సుంకం ఇంకా తగ్గించాలని ఒక పక్క అడుగుతున్నారు, తగ్గిస్తే వేరుశనగ రైతు మునిగిపోతాడని ఇంకో పక్క అంటున్నారు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఈ రెండు పక్షాలూ చాలాసార్లు ఒకే ఇంట్లో ఉంటాయి. ఖరీఫ్‌లో రెండెకరాల్లో బుడ్డలు (వేరుశనగ) వేసి, మిగతా ఏడాదంతా కూలికి పోయే కుటుంబం అంగడిలో కొనేది పామాయిల్ ప్యాకెట్టే. సొంత చేలో పండిన కాయల నూనె ఆ ఇంటి పొయ్యి మీదికి పండగకో పబ్బానికో వస్తుంది.

ధరల పెరుగుదల దాదాపు ఆగిందని ప్రభుత్వ లెక్క చెబుతున్న కాలంలోనే ఈ గొడవ ముదిరిందని గుర్తుంచుకోవాలి. 2025 అక్టోబరులో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన ఆ సూచీలో అంత తక్కువ అంకె అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కూరగాయలు, పప్పులు చౌకయినందువల్ల అలా వచ్చింది. నూనెల ధరలు మాత్రం ఆ ఏడాది రెండంకెల శాతంలో పెరుగుతూ వచ్చాయి. సూచీలో నూనెలు, కొవ్వుల వాటా నూటికి 3.56 పాళ్లే కాబట్టి ఆ పెరుగుదల మొత్తం అంకెలో కనపడలేదు. పట్నాల లెక్కలో వాటి వాటా 2.81, పల్లెల లెక్కలో 4.21. ఇవన్నీ సగటులు. కూలి మీదే బతికే ఇంట్లో తిండి ఖర్చే పెద్దది, కాబట్టి నూనె భారం ఈ సగటు కన్నా ఎక్కువే ఉంటుంది. టమాటా ప్రియమైతే చింతపండుతో సరిపెట్టుకుంటారు. తిరగమోతకు నూనె బదులు వేసేది ఏదీ లేదు.

కూలి సంగతీ ఇక్కడే చెప్పాలి. మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 2024-25లో 300 రూపాయలు, 2025-26లో 307. ఈ సవరణకు ఆధారం వ్యవసాయ కూలీల ధరల సూచీ. దాని ఆధార సంవత్సరం 1986-87. అందులో ఏ సరుకుకు ఎంత వాటా ఇవ్వాలో తేల్చింది 1983 నాటి ఖర్చుల సర్వే. 2019 ఆధారంగా కొత్త సూచీ 2025లో గానీ రాలేదు. అంటే నలభై ఏళ్ల కిందటి వంటింటిని లెక్కలో పెట్టుకుని ఇప్పటి కూలి కట్టారు.

మన ప్రాంతానికి వేరుశనగ ఎలా వచ్చింది, జొన్న, కొర్ర చేలను ఎలా తినేసింది అన్నది అందరూ వందసార్లు విన్న కథ. ఇప్పటి గొడవకు కావాల్సిన ముడి అక్కడ లేదు. అది 2013లో ఉంది.

ఆ ఏడాది ఉగాదికి ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పథకం మొదలైంది. తొమ్మిది సరుకులు 185 రూపాయలకు. కందిపప్పు కిలో 50, చింతపండు అరకిలో 30, కారం పావుకిలో 20, ఉప్పు, పసుపు, చక్కెర, గోధుమలు, గోధుమపిండి, వాటితో పాటు పామోలిన్ లీటరు 40 రూపాయలు. చింతపండు బాగాలేదని, కారం రంగు మారిందని ఆడవాళ్లు రేషన్ స్టోరు దగ్గరే తిట్టిన రోజులున్నాయి. నూనె ప్యాకెట్‌ను మాత్రం ఎవరూ వదులుకోలేదు. బయట అంగడి రేటుకూ దానికీ ఉన్న తేడా అందరికీ కనిపించేది.

ఆ 40 రూపాయల ధర వెనక కేంద్రం డబ్బు ఉంది. 2008లో ప్రపంచమంతా తిండి గింజల ధరలు మండినప్పుడు కేంద్రం రెండు పనులు చేసింది. ఆ ఏప్రిల్ 1 నుంచి ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకం సున్నా చేసింది. రాష్ట్రాలు రేషన్‌లో ఇచ్చే దిగుమతి నూనెకు కిలోకు 15 రూపాయల రాయితీ పెట్టింది. ఆ రాయితీని ఏటా పొడిగిస్తూ వచ్చి 2013 సెప్టెంబరు నెలాఖరుతో ఆపేసింది.

అప్పుడు మన జిల్లాలు ఎలా ఉన్నాయో గుర్తు తెచ్చుకోవాలి. రాష్ట్ర విభజన ప్రకటన వచ్చింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోల (ప్రభుత్వ ఉద్యోగుల) సమ్మె. బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు, కర్నూలు నుంచి కడప దాకా రోజూ రోడ్ల మీద జనం. రాజధాని ఎవరిది, నీళ్లు ఎవరివి అన్న టెన్షన్‌లో కిలోకు 15 రూపాయల నూనె రాయితీ పోయిందన్న వార్త ఎవరి చెవికీ ఎక్కలేదు. దాని మీద ఇక్కడ ధర్నా జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు. 2014 మార్చి నుంచి రాష్ట్రపతి పాలన, జూన్‌లో రెండు రాష్ట్రాలు. స్టోరులో నూనె ముందు నెల తప్పి నెల వచ్చింది, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాల్లో ఏదీ దాన్ని పాత పద్ధతిలో, అంటే కార్డు మీద నెలనెలా, తిరిగి తేలేదు.

నూనె ధర పెరిగినప్పుడల్లా ఉక్రెయిన్ అనో ఇండోనేషియా అనో చెబుతారు. నిజమే, 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి నిషేధించి మే 23న ఎత్తేసింది. బయటి దెబ్బలు అంతకుముందూ తగిలాయి, 2008లో తగిలింది ఇంతకన్నా చిన్నదేం కాదు. అప్పుడు ఆ దెబ్బకూ కూలి ఇంటి పొయ్యికీ మధ్య రేషన్ షాపు నిలబడింది. 2022లో ఆ మధ్య ఏమీ లేదు.

ఇంతకీ ఈ ఇళ్లు పామాయిల్‌కు ఎందుకు అలవాటు పడ్డాయి? తమంతట తాము కోరుకుని కాదు. నూనెగింజల టెక్నాలజీ మిషన్ 1986లో మొదలైంది. అప్పటికి కోటి టన్నుల చుట్టూ ఉన్న నూనెగింజల దిగుబడి పదేళ్లలో రెండు కోట్ల టన్నులు దాటింది. తొంభైల మొదట్లో దేశానికి కావాల్సిన నూనెలో బయటి నుంచి వచ్చింది చాలా కొద్ది. 1994లో కేంద్రం పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు తెరిచింది. సుంకం 65 శాతం పెట్టింది. మరుసటి ఏడాది 30 శాతానికి, 1998 నాటికి 15 శాతానికి దించింది. 1994లో ఆ నిర్ణయం చేసిన ప్రభుత్వానికి ప్రధాని పి.వి. నరసింహారావు. ఆయన అప్పుడు లోక్‌సభలో ఉన్నది మన నంద్యాల నుంచే.

తలుపు తెరవడం ఒక్కటే అయితే ఇంత నష్టం ఉండేది కాదేమో. అదే కాలంలో అనంతపురం చేలు వరసగా దెబ్బతిన్నాయి. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్లు వైరస్ జిల్లాలో రెండు లక్షల పాతిక వేల హెక్టార్లను పట్టింది, నష్టం 300 కోట్ల పైమాటే. ఆ తర్వాత ఏళ్ల తరబడి వానలు ముఖం చాటేశాయి. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురంలోనే ఎనిమిది లక్షల హెక్టార్లకు పైగా ఉన్న వేరుశనగ ఇప్పుడు బాగా కుంచించుకుపోయింది. ఆ చేలల్లోకి కంది, ఆముదం, పత్తి, మొక్కజొన్న వచ్చాయి. ఆదోని, తాడిపత్రి, ప్రొద్దుటూరు లాంటి ఊళ్ల చిన్న మిల్లుల పని తగ్గింది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల పక్కన పెద్ద రిఫైనరీలు లేచాయి.

ఇప్పుడు కావాలన్నా శనగనూనె వైపు తిరగడానికి కూలి ఇంటికి దారి లేదు. లెక్క ఇది. క్వింటాలు కాయలు వలిస్తే గింజలు 70 కిలోల దాకా వస్తాయి, ఆడిస్తే నూనె 28 నుంచి 30 కిలోలు. 2025-26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. అంటే కిలో నూనెలోకి పోయే కాయల విలువే 240 నుంచి 260 రూపాయలు. నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది, ఆడించిన కూలి, కరెంటు, రవాణా మళ్లీ దాని మీద పడతాయి. రైతుకు న్యాయమైన ధర ఇస్తే ఆ నూనె కూలికి అందదు. కూలికి అందే ధరకు అమ్మితే రైతు మిగలడు. ఈ చిక్కుముడి మార్కెట్‌లో విడిపోయేది కాదు. ప్రభుత్వం చెయ్యి పెట్టాల్సిందే. 2013 దాకా అది పెట్టింది కూడా.

ఇక 2024 సెప్టెంబరు 14. ఆ రోజు నుంచి ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి, రిఫైన్డ్ నూనె మీద 13.75 నుంచి 35.75 శాతానికి పెరిగింది. రైతు కోసమే అన్నారు. ఆ నెలలో మద్దతు ధర కన్నా తక్కువకు అమ్ముడవుతున్నది మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల సోయాబీన్. తక్కువ సుంకంతో తెచ్చిన నిల్వలు 30 లక్షల టన్నుల దాకా ఉన్నాయని, అవి 45 నుంచి 50 రోజులకు సరిపోతాయని, అప్పటిదాకా ధర పెంచొద్దని కేంద్రం మూడు రోజుల్లోనే కంపెనీలకు చెప్పింది. అంగడిలో ధర అన్ని రోజులు ఆగలేదు. దసరాకు ముందు రోజు నుంచి మన రాష్ట్ర ప్రభుత్వమే పామాయిల్ లీటరు 110, పొద్దుతిరుగుడు నూనె 124 రూపాయలకు అమ్మించాల్సి వచ్చింది. ఆ ఏర్పాటు ఆ నెలాఖరు వరకే.

సుంకం లెక్కను కిలోల్లోకి దించి చూద్దాం. ముడి పామాయిల్ టన్ను వెయ్యి డాలర్లు అనుకుంటే కిలోకు 84 రూపాయలు. దాని మీద 22 శాతం అదనం అంటే 18 రూపాయల పైమాట. 2025 మే 30న సుంకాన్ని 16.5 శాతానికి తగ్గించారు. ఆ లెక్కన ఇప్పటికీ కిలోకు 14 రూపాయల దాకా ఖజానాకు పోతోంది. 2013 సెప్టెంబరు దాకా ఇదే సరుకు మీద ప్రభుత్వం కిలోకు 15 రూపాయలు పేదింటికి ఇచ్చింది. ఇప్పుడు దాదాపు అంతే పేదింటి నుంచి తీసుకుంటోంది. ఈ సుంకంలో ఒక భాగం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు. సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు. అందుకే నూనె రాయితీ అడిగితే రాష్ట్రం కేంద్రం వైపు చూపిస్తుంది.

రైతు సంఘాల వాదనను కొట్టిపారేయలేం. సుంకం సున్నా అయిన ఏళ్లలో నూనెగింజల ధరకు అండ లేకుండా పోయిందని వాళ్లంటారు, అది నిజం. 2018లో ముడి పామాయిల్ మీద సుంకం 44 శాతం, రిఫైన్డ్ మీద 54 శాతం ఉన్న సంగతినీ ఎత్తి చూపుతారు. 2024లో సుంకం పెంచిన తర్వాత వచ్చిన సీజన్‌లో మాత్రం గుజరాత్ వేరుశనగను, మహారాష్ట్ర సోయాబీన్‌ను కేంద్ర సంస్థలు మద్దతు ధరకు కొనాల్సే వచ్చింది. సుంకం ఒక్కదానితో యార్డులో ధర నిలబడలేదు. దిగుమతిదారులు, రిఫైనరీల వాదన ఎప్పుడూ ఒకటే: ముడి నూనెకూ రిఫైన్డ్ నూనెకూ సుంకంలో తేడా ఎక్కువుండాలి. 2025 మేలో అది వాళ్లకు దక్కింది.

రెండు పక్షాలూ మాట్లాడని సంగతి ఒకటుంది. ప్యాకెట్ పరిమాణం. లీటరు నూనె అంటే 910 గ్రాములు. అర లీటరు, లీటరు అంటూ నిర్ణీత కొలతల్లోనే అమ్మాలన్న నిబంధనను 2022లో తీసేశారు. అప్పటి నుంచి చూడటానికి లీటరులాగే ఉండి 850, 800, 750 గ్రాములే ఉన్న ప్యాకెట్లు అంగళ్లలో కనిపిస్తున్నాయి. యూనిట్ ధర ముద్రించాలన్న నియమం ఉంది, ఆ అక్షరాలు చదవడానికి అద్దాలు కావాలి. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి (వలస కూలికి) పోయి గుంటూరు మిరప చేలల్లో బతికే కుటుంబాలు ఏ పూటకాపూట చిన్న ప్యాకెట్టో, ఇరవై రూపాయల లూజు నూనో కొంటాయి. లూజు నూనె అమ్మడమే నిబంధనలకు విరుద్ధం, అయినా చేతిలో డబ్బు అంతే ఉన్నప్పుడు కొనేది అదే. చిన్న కొలతలో కొన్నవాళ్లకే కిలో ధర ఎక్కువ పడుతుంది. ఈ తేడా ఏ సూచీలోనూ విడిగా కనపడదు.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించినప్పుడు నెయ్యి, వెన్న 12 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. వంటనూనె ముందు నుంచీ 5 శాతంలోనే ఉంది కాబట్టి దాని మీద తగ్గింది ఏమీ లేదు. అదే ఏడాది జూన్ 1 నుంచి ఇంటింటికీ తిరిగే రేషన్ బండ్లు ఆగి, చౌకధరల దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. షాపు ఉంది, డీలరు ఉన్నాడు, కార్డు ఉంది, వేలిముద్ర యంత్రం ఉంది. ప్రతి నెలా ఇచ్చే సరుకుల్లో నూనె లేదు.

రాష్ట్రంలో బియ్యం కార్డులు దాదాపు కోటీ నలభై అయిదు లక్షలు. కార్డుకు నెలకు లీటరు చొప్పున, లీటరుకు 30 రూపాయల రాయితీతో ఇస్తే నెలకు 43 కోట్లు, ఏడాదికి 520 కోట్ల చుట్టూ అవుతుంది. పామాయిల్ సుంకం మీద వచ్చే ఆదాయంలోంచి ఇంత పక్కన పెట్టమని కేంద్రాన్ని అడగడానికి ఏ చట్టమూ మార్చక్కర్లేదు. 2008లో ఈ రాయితీ మొదలుపెట్టినప్పుడూ మార్చలేదు. సుంకం అలాగే ఉంచి ఆ డబ్బుతో స్టోరు నూనె ఇవ్వొచ్చు, రైతుకు ఉన్న అండా పోదు. ఇప్పటిదాకా ఢిల్లీకి వెళ్లిన వినతుల్లో సుంకం పెంచమనో తగ్గించమనో ఉంటోంది. 2013లో ఆగిన ఆ 15 రూపాయలను తిరిగి ఇమ్మని మన మూడు జిల్లాల ఎంపీలు గట్టిగా అడగాల్సి ఉంది.