పెద్ద పెన్ను, బెజవాడ ఎండ

క్లిప్పు లేదు. బంగారు రింగు లేదు. క్యాప్ మీద కంపెనీ పేరు కూడా లేదు. బొటనవేలంత లావున, 15 సెంటీమీటర్లు దాటిన పొడవున, నల్లగా నున్నగా ఒక గొట్టం. ఇలాంటి ఇంకు పెన్ను కోసం వేలు, ఒక్కోసారి లక్షలు పెట్టేవాళ్లు ఉన్నారంటే, బెజవాడ బీసెంట్ రోడ్డులో పది రూపాయల బాల్ పెన్ను కొనుక్కునే మనిషికి నమ్మబుద్ధి కాదు. డబ్బున్నవాళ్ల దర్జా అనేస్తాడు. దర్జా ఉంది, కాదనను. కానీ అది చేతిలోకి రాగానే వేళ్లకు తెలిసే సుఖానికి కారణాలు వేరే ఉన్నాయి. ఇందులో చాలావరకు సైన్సే.

ముందు లావు సంగతి. మామూలు బాల్ పెన్ను సుమారు 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అందులో ఉండేది చిక్కటి పేస్టు లాంటి ఇంకు. కొనలోని గుండు దొర్లితేనే అది కాగితం మీదికి వస్తుంది, గుండు దొర్లాలంటే నొక్కాలి. సన్నటి పెన్నును గట్టిగా నొక్కి పట్టుకుంటే, ఆ బలమంతా వేళ్ల మీద చిన్న చోటే పడుతుంది. మూడు గంటలు ఇంటర్ పరీక్ష రాసొచ్చిన పిల్ల మధ్యవేలు చూడండి, గోరు పక్కన ఎర్రగా గుంట పడి ఉంటుంది. ఇంకు పెన్నుకి ఈ నొక్కుడు అక్కర్లేదు. పాళీ మధ్య చీలిక సన్నగా ఉంటుంది కాబట్టి కేశనాళికీయతతో, అంటే సన్నటి సందుల్లోకి ద్రవం పాకే గుణంతో, ఇంకు తనంతట తానే కొన దాకా వచ్చి నిలబడుతుంది. కాగితం తగలగానే అందులోని నారల మధ్య సందులు దాన్ని లాక్కుంటాయి. పెన్ను బరువు ఒక్కటీ చాలు. నొక్కే పని తప్పాక, లావుపాటి బారెల్ (పెన్ను గొట్టం) మీద వేళ్లు వదులుగా ఆనితే సరిపోతుంది.

లావు పెరిగితే బరువు పెరగదా? ఇక్కడే, ఈ పెన్నులు చేసే ఎబొనైట్ అనే గట్టి రబ్బరు గొప్పతనం. రబ్బరులో మూడో వంతు దాకా గంధకం కలిపి గంటల తరబడి వేడి చేస్తే, రబ్బరు గొలుసుల మధ్య గంధకం లెక్కలేనన్ని ముడులు వేసి దాన్ని గట్టి దిమ్మెలా చేస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో వచ్చిన పదార్థం ఇది. నీటికంటే కొంచెమే బరువు, ఇత్తడి దానికి ఏడు రెట్లు బరువు. అందుకే ఎబొనైట్ పెన్ను ఎంత పెద్దదైనా చేతికి తేలిగ్గా ఉంటుంది. పైగా వేడిని సరిగ్గా ప్రసరించనివ్వదు. ఏసీ గదిలో ఇనుప పెన్ను ముట్టుకుంటే చల్లగా తగులుతుంది, ఎందుకంటే అది వేళ్లలోని వేడిని లాగేసుకుంటుంది. ఎబొనైట్ అలా లాగదు. పట్టుకున్న కాసేపటికే చేతి వెచ్చదనానికి వచ్చేస్తుంది.

ఈ పదార్థం మనకు కొత్తది కాదు. విజయవాడ నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే రాజమండ్రిలో రత్నం పెన్నులు 1930ల నుంచీ ఎబొనైట్ కడ్డీలను లేత్ మీద తిప్పి చేస్తున్నవే. వారి స్వదేశీ పెన్ను వాడిన గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. సాదాగా, లావుగా ఉండే పెన్ను ఎక్కడో జపాన్‌లోనో జర్మనీలోనో పుట్టిన ఫ్యాషన్ అనుకునేవాళ్లు ఒకసారి రాజమండ్రి పెన్ను చేత్తో పట్టుకు చూడాలి.

మరి లక్షలెందుకు? సాదాతనం ఖరీదైన పని కాబట్టి. పువ్వులూ గీతలూ ఉన్న పెన్నులో చిన్న తప్పు కనపడదు. ఏ అలంకారమూ లేని గొట్టాన్ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే, దాని మీద తెల్లటి వెలుగు గీత ఒకటి పడుతుంది. పెన్నును మెల్లగా తిప్పండి. పనివాడి చేయి ఎక్కడైనా తడబడి ఉంటే, ఆ గీత సరిగ్గా అక్కడ వంకర పోతుంది. జపాన్ వాళ్లు ఎబొనైట్ మీద ఉరుషి పూత వేస్తారు. అది ఒక చెట్టు నుంచి గీరి తీసే పాలు. పల్చగా ఒక పూత వేయడం, గట్టిపడ్డాక బొగ్గుతో రుద్దడం, మళ్లీ పూత. ఇలా నెలలు పడుతుంది. ఇందులో నన్ను బాగా ఆకట్టుకునేది ఆ గట్టిపడే తీరు. మన ఇళ్ల గుమ్మాలకు వేసే రంగు వానాకాలంలో ఆరక ప్రాణం తీస్తుంది కదా. ఉరుషికి మాత్రం తేమే కావాలి. ఆ పాలలోని ఎంజైమ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అణువులను ఒకదానికొకటి కట్టేస్తుంది, ఆ ఎంజైమ్ పని చేయాలంటే గాలిలో 70 శాతానికి పైగా తేమ ఉండాలి. అందుకే పూత వేసిన పెన్నులను తడి పెట్టెల్లో ఉంచుతారు.

బంగారు పాళీ గురించి ఎక్కువ చెప్పను. పాతకాలపు ఇంకుల్లోని ఆమ్లానికి బంగారం తుప్పు పట్టదు, దాని విలువ అదీ. కాగితాన్ని తాకేది మాత్రం బంగారం కాదు, కొనకు అతికించిన గట్టి మిశ్రలోహపు గుండు. ఇప్పటి ఇంకులకు మంచి స్టీలు పాళీ చాలు. నా మటుకు నేను డబ్బు పెట్టాల్సి వస్తే బారెల్ పనితనానికే పెడతాను.

ఇక మన ఎండలు. పెద్ద పెన్నులు చాలావాటిలో ఇంకును ఫిల్లరుతో నేరుగా బారెల్‌లోకే పోస్తారు. 3, 4 మిల్లీలీటర్లు పడుతుంది. రోజుల తరబడి రాసుకోవచ్చు, కానీ ఇంకు తగ్గేకొద్దీ ఆ చోటును గాలి నింపుతుంది. బారెల్‌లో 2 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గరున్న పెన్నును స్కూటర్ డిక్కీలో పడేసి మే నెల ఎండలో బయల్దేరారు, పెన్ను 42 డిగ్రీలకు చేరింది. గాలి ఒక్కటే 6 శాతం వ్యాకోచిస్తుంది. ఇంకులో ఎక్కువ భాగం నీరే కాబట్టి వేడికి ఆవిరి కూడా పెరుగుతుంది. రెండూ కలిపితే దాదాపు 12 శాతం, అంటే పావు మిల్లీలీటరు. ఇంచుమించు ఐదు చుక్కలు. పాళీ కిందికి ఉంటే ఆ ఐదు చుక్కల ఇంకునూ గాలి బయటికి తోస్తుంది. 1884లో అమెరికా పెన్నుల తయారీదారు వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్న ఫీడ్, మనం నాలుక అనే భాగం, ఇంకు కిందికి రావడానికీ గాలి పైకి పోవడానికీ సన్నటి కాలువలతో దారి చూపించింది. తర్వాత వచ్చిన ఫీడ్‌లకు దువ్వెన పళ్లలా చీలికలు పెట్టి, అదనంగా వచ్చిన ఇంకు వాటిలో ఆగేలా చేశారు. అయినా ఐదు చుక్కలంటే చాలా ఫీడ్‌లు ఆపలేవు, పెన్ను కక్కేస్తుంది.

జపాన్ వాళ్ల కొన్ని పెన్నుల్లో దీనికి బిరడా ఉంటుంది. బారెల్ చివర మర బిగిస్తే లోపలి కడ్డీ దిగి ఇంకు గదిని మూసేస్తుంది, రాయబోయే ముందు కొంచెం వదులు చేసుకోవాలి. మీ పెన్నుకి అది లేకపోతే, ఇంకు సగానికి తగ్గగానే నింపెయ్యండి. గాలి తక్కువుంటే తోపూ తక్కువే. జేబులో, సంచిలో పాళీని పైకే ఉంచండి, అప్పుడు వ్యాకోచించిన గాలి ఇంకును తోయకుండా నాలుక గుండా తానే బయటికి పోతుంది. ఎండలోంచి వచ్చాక కూడా పాళీ పైకి పెట్టే క్యాప్ తీయండి, రాసే ముందు పాళీని ఒకసారి గుడ్డతో అద్దండి.